పేరులేని అచ్చు

మా మేనత్తగారి వూరు బొబ్బిలికి దగ్గర. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక ఆవిడ వక్కలు కొడుతుంటే ఆ పనిముట్టు వంక చూశాను. ఇనుముది. రెండు పిడులు, నడుమ ఒక చీల. దూరం నుంచి చూస్తే అచ్చం అడకత్తెరే. కాని అడకత్తెరకు కత్తి ఉండాలి గదా! దీనికి కత్తి ఉండవలసిన చోట రెండు ఇనుప దిమ్మలున్నాయి. విప్పి చూస్తే ఒక్కొక్క దిమ్మలో రెండేసి గుంటలు.

“ఏటిరా అలా చూస్తావు? తుపాకీ గుళ్ళు పోసే అచ్చు అది. బొబ్బిలి యుద్ధం నాటిది. మీ మావయ్యగారి పెద్దలు దాచుకున్నారు” అన్నది అత్తయ్య.

అసలు సంగతి తరువాత బయటపడింది. పాత వస్తువుల వర్తకుడొకడు దాన్ని చూసి వెళ్ళాడట. బొబ్బిలి యుద్ధం నాటిదని చదువుకున్నవాళ్ళెవరైనా రాసిస్తే మంచి ధర ఇస్తానన్నాడట. వంటింటి మీద పెంకులు పగిలి రెండేళ్ళయింది. ఆ డబ్బు వస్తే కప్పు బాగు చేయించుకోవాలని ఆవిడ ఆశ.

“కాలేజీలో పాఠాలు చెబుతావు. నీ సంతకముంటే చాలన్నాడురా” అన్నది.

చెప్పొద్దూ, నేను చదివింది తెలుగు ఎమ్మే. నాకు తెలిసిన అచ్చులు అ, ఆ, ఇ, ఈలు. అయినా అత్తయ్య మాట కాదనలేక, అచ్చును గుడ్డలో చుట్టుకుని వెంట తెచ్చుకున్నాను. తెచ్చి, తిరగేసి, బోర్లేసి చూశాను. చేసినవాడి పేరు లేదు. ఊరు లేదు. అంకె కూడా లేదు.

పేరు లేకపోవడం వింత కాదని నాలుగు పుస్తకాలు తిరగేశాక తెలిసింది. వెనుకటి కాలంలో తుపాకీ గొట్టాలు చేతితో చేసేవారు. ఒక గొట్టం బెజ్జం వున్నట్టు ఇంకొకదానిది వుండేది కాదు. అందుకని అమెరికాలో కెంటకీ రైఫిలు చేసే కమ్మరి తుపాకీతోపాటే దానికి సరిపడే అచ్చు కూడా చేసి ఇచ్చేవాడు. గుంటను తొలిచే గుండ్రని పనిముట్టును అక్కడి పనివాళ్ళు చెర్రీ పండు పేరుతో పిలుస్తారు. తుపాకీ ఇంట్లో వున్నంతకాలం అచ్చుకు వేరే పేరెందుకు? తుపాకీ పోయి అచ్చు మిగిలితేనే వస్తుంది చిక్కు. కర్మాగారాలు వచ్చి, ఒకే కొలత తుపాకులు వేలకొద్దీ అమ్ముడుపోవడం మొదలయ్యాక అచ్చుల మీద పేర్లూ అంకెలూ వేయడం మామూలయింది.

మరి పేరులేనిదాన్ని పోల్చడం ఎలా? మా తాళపత్రాల వాళ్ళకు ఇది పాత చిక్కే. గ్రంథం చివర గద్య వున్న ఆకు పోయిందనుకోండి, కవి ఎవరో భాషను బట్టి, ఛందస్సును బట్టి వెతుక్కుంటాం. అచ్చుకు కూడా లోపలి సాక్ష్యమే సాక్ష్యం. అచ్చును చూడడం కాదు, అందులోంచి ఏం వస్తుందో చూడాలి.

మా భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు వెర్నియర్ కొలబద్ద పట్టుకొచ్చాడు. తుప్పు వదలగొడదామని నేను గరుకు కాగితం తీస్తే చెయ్యి పట్టుకున్నాడు. గీకితే గుంట కొలత మారిపోతుందట. ఎక్కడైనా సన్నని గుర్తు వుంటే అదీ పోతుందట. కాస్త నూనె రాసి, మెత్తని గుడ్డతో తుడిచి ఊరుకున్నాం.

సీసం కరిగించే సాహసం చెయ్యలేదు. దాని ధూళీ ఆవిరీ ఒంటికి మంచివి కావు. కొవ్వొత్తి మైనం పోశాం. మైనం చల్లారితే కొంచెం కుంచించుకుపోతుంది కనక ఆకారం వరకే దాన్ని నమ్మాలి. తుపాకీ పనివాళ్ళయితే సెరోసేఫ్ అనే మిశ్రలోహం వాడతారు. అది మరిగే నీటికన్నా తక్కువ వేడికే కరుగుతుంది. మేము మాత్రం అచ్చు విప్పి, గుంట అడ్డుకొలతను నేరుగా తీసుకున్నాం.

మొదటి గుంటలోంచి పెద్ద బఠాణీగింజంత గుండు వచ్చింది. అడ్డుకొలత తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. అటువంటివి సీసంతో పోస్తే పౌనుకు సుమారు 89 వస్తాయి. మనం పన్నెండు బోరు తుపాకీ అంటామే, ఆ పన్నెండు ఈ లెక్కే: దాని గొట్టానికి సరిపోయే గుళ్ళు పన్నెండయితే ఒక పౌను తూగుతాయి. ఆ లెక్కన మాది పెద్ద తుపాకీది కాదు, పిస్తోలుది.

రెండో గుంటలోంచి వచ్చినదాన్ని చూసి నా గుండె జారింది. అది గుండ్రంగా లేదు. మల్లెమొగ్గలా పొడుగ్గా, కొన తేలి వున్నది.

బొబ్బిలి యుద్ధం జరిగింది 1757లో. బుస్సీ సైన్యమయినా, కోటలోని వీరులయినా తుపాకుల్లో వేసి కాల్చినవి గుండ్రని గుళ్ళే. కొన తేలిన గుండు సైన్యాల్లో విరివిగా వాడుకలోకి వచ్చింది 1849లో మినియే అనే ఫ్రెంచి కాప్టెను తన గుండు తయారుచేసిన తరువాత. గుండ్రనిదొకటి, కొనతేలినదొకటి ఒకే అచ్చులో వుండడం 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వరు వంటివాటికి మామూలు. మా కొలత కూడా దానికి దగ్గరే.

ఈ మాట చెబితే వర్తకుడు, “అయితే కోల్ట్ అనే రాసివ్వండి మాస్టారూ, అదీ మంచి పేరే” అన్నాడు! ఊరూ పేరూ లేని చాటుపద్యం కనిపిస్తే శ్రీనాథుడికి అంటగట్టడం మనవాళ్ళకు అలవాటు. ఆ అలవాటు అచ్చుల దాకా వచ్చిందన్నమాట. కోల్ట్ కంపెనీ అచ్చుల మీద, పోసిన సీసంలో మిగులును కోసే పైపలక మీద, సాధారణంగా ఆ పేరు వుంటుంది. మా పలక బోడిగా వున్నది. ఆ మాదిరి అచ్చులు ఇతరులూ చేశారు. 1950ల చివరి నుంచి ఇటలీలో పాత రివాల్వర్లకు నకళ్ళు తయారయ్యాయి. వాటికోసం కొత్త అచ్చులూ వచ్చాయి, వాటిలో ఇత్తడివే హెచ్చు.

చివరకు ఒక కాగితం మీద ఇలా రాశాను: “ఇనుప అచ్చు. గుంటలు రెండు. రివాల్వరుది కావచ్చు. పందొమ్మిదో శతాబ్దపు నడిమికాలానికి ముందుది కాదు. చేసినవారి పేరు తెలియదు. చాలాకాలం వక్కలు కొట్టడానికి వాడినందువల్ల దిమ్మల అంచులు నొక్కుకుపోయినవి.” సంతకం పెట్టాను.

వర్తకుడు మొదట చెప్పిన ధరలో నాలుగో వంతు ఇస్తానన్నాడు. ఆ కబురుతో అచ్చు పట్టుకుని వెళితే, అత్తయ్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు. డబ్బుకోసం కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆవిడ బొబ్బిలి కథ చెబుతూ కొట్టిన వక్కలెన్నో! ఆ కథను నేను వెర్నియరు పెట్టి కొలిచి పారేశాను. ఆవిడ కళ్ళలోకి చూడలేక, పెంకుల ఖర్చు బావా నేనూ చెరిసగం పెట్టుకుంటామని గోడతో చెప్పినట్టు చెప్పాను.

మూడోనాడు భోజనాలయ్యాక చెయ్యి చాపింది.

“నా అడకత్తెర ఇలా తే. వాడికి అమ్మనులే.”

ఇచ్చాను. రెండు వక్కలు కొట్టి, ఒకటి నా చేతిలో పెట్టి అడిగింది: “అయితే ఇది మావయ్యగారి పెద్దలదన్న మాటయినా నిజమేనేటిరా?”

“అందుకు సాక్ష్యం ఆ నొక్కులే అత్తయ్యా” అన్నాను.