వెలుతురుతో నీటిని విడదీయు విద్య

“విజ్ఞానశాస్త్రము తెలుగున పట్టుపడదు, కావున పిల్లవానిని వేఱు మాధ్యమమున చేర్చెదము” అని మన కామాఠీపురా చాళ్లలోని తల్లిదండ్రులు పలువురు అనుచున్నారు. బిడ్డల బ్రతుకుతెరువును గూర్చిన ఈ భయమును మేము తేలికగా త్రోసివేయము. అయినను, అది ఎంతవఱకు నిజమో తెలియుటకై నేటి శాస్త్రములోని ఒక కఠిన విషయమును తెలుగున చెప్పి చూతము.

నీరు ఉదజని, ఆమ్లజనుల కలయిక. ఉదజనిని, అనగా హైడ్రోజనును, మండించినచో మసి పుట్టదు. తిరిగి నీరే పుట్టును. కాని నీటిని విడదీయుటకు శక్తి కావలెను. ఆ శక్తిని వెలుతురునుండి పొందవచ్చునని 1972లో జపానుదేశీయులగు ఫుజిషిమా, హోండా అనువారు లోకమునకు చాటిరి. వారు వాడినది టైటానియం డయాక్సైడు. గోడలకు వేయు తెల్లరంగులలో ఉండు పదార్థమే అది.

కాంతి సోకినపుడు ఆ పదార్థములోని ఎలక్ట్రాను తన చోటు విడిచి పైకి లేచును. విడిచిన చోట ఖాళీ ఏర్పడును. ఎలక్ట్రానులవలన ఉదజని, ఖాళీలవలన ఆమ్లజని వెలువడును. ఇట్లు తాను తరుగక, కాంతితో పని జరిపించు పదార్థమే కాంతి ఉత్ప్రేరకము.

ఇందు చిక్కులు లేకపోలేదు. టైటానియం డయాక్సైడు అతినీలలోహిత కిరణములనే గ్రహించును. సూర్యకాంతిలో అవి నూటికి ఇంచుమించు ఐదు పాళ్లే. పసుపుపచ్చని కాడ్మియం సల్ఫైడు కంటికి కనబడు వెలుతురును గ్రహించును గాని, ఆ వెలుతురునకు నీటిలో తానే క్షయించును. పైగా, లేచిన ఎలక్ట్రాను తటాలున ఖాళీలోనికే తిరిగి పడును. అట్లు పడకుండుటకు పైభాగమున ప్లాటినపు రేణువులను అద్దుదురు. అది మిక్కిలి ఖరీదైన లోహము.

ఈ చిక్కులను విప్పుటయే ఉత్ప్రేరకమును రూపొందించు విద్య. హైదరాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ వారు 2010లోను, కడపలోని యోగివేమన విశ్వవిద్యాలయము వారు 2013లోను, టైటానియం డయాక్సైడునకు చౌకయైన రాగి ఆక్సైడును చేర్చి, గ్లిసరిను కలిపిన నీటినుండి ఉదజనిని రాబట్టిన విధమును ప్రకటించిరి. గ్లిసరిను ఆ ఖాళీలను పూరించి పనిని సులభము చేయును. వట్టి నీటితో పని ఇంకను కష్టము. 2021లో జపానువారు 100 చదరపు మీటర్ల పలకలు పఱచి ఉదజనిని తీసినట్లు ప్రకటించిరి; కాంతిశక్తిలో వారికి దక్కినది హెచ్చుగా నూటికి 0.76 పాలు మాత్రమే. మిగిలిన పని నేడు బడిలోనున్న బిడ్డలదే గదా!

ఇందు తెలుగున పలుకరానిది ఏది? ఎలక్ట్రాను వంటి మాటలు పెక్కు భాషలలో అవియే. ఆంగ్లమును చక్కగా నేర్వవలెను. పై చదువులకు అది అవసరము. కాని ఆలోచన మొదట ఇంటి భాషలో వేళ్లూనవలెనని మా దృఢవిశ్వాసము. తెలుగునాటనుండి వచ్చి, ఈ నగరపు కట్టడములకు రాయి మోసి సున్నము కలిపిన కామాఠీల పేరనే మన పేట వెలసినది. వారి మనుమల చేతికి ప్రయోగశాల పని అందరానిది కాదు.

తల్లిదండ్రులారా, ప్రతి సాయంకాలము బిడ్డను కూర్చుండబెట్టుకొని, ఆనాటి శాస్త్రపాఠమును తెలుగున చెప్పుమని అడుగుడు. చెప్పగలిగినచో పాఠము వచ్చినట్లే. తడబడినచో మఱునాడు మావద్దకు పంపుడు, మరల చెప్పెదము.