నక్షత్రం గుర్తుతో చిక్కు

కంప్యూటర్ ప్రోగ్రామంటే ఒక్క ఫైలు కాదు, ఒక్కోసారి వందల ఫైళ్లు. వాటన్నిటినీ కలిపి సాఫ్ట్‌వేర్‌గా తయారుచేయడాన్ని ‘బిల్డ్’ అంటారు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ‘మేక్’ ఈ పనికి పెద్దన్నలాంటిది. ఇప్పుడు సి++ ప్రోగ్రామర్లలో చాలామంది వాడేది ‘సీమేక్’. ఏయే ఫైళ్లు కలపాలో దానికి జాబితా రాసివ్వాలి. పెళ్లి పిలుపుల జాబితాలాగే విసుగు పని! అందుకే కొందరు ‘గ్లాబ్’ అనే ఆదేశమిచ్చి, ఒక్క నక్షత్రం గుర్తుతో ‘ఈ ఫోల్డర్లో ఉన్నవన్నీ తీసుకో’ అనేస్తారు.

చిక్కేమిటంటే, సీమేక్ ఆ లెక్క చూసేది తను నడిచినప్పుడే. తర్వాత ఎవరైనా కొత్త ఫైలు చేర్చినా, ఆదేశాల ఫైల్లో అక్షరం మారదు కాబట్టి దానికి సంగతే తెలియదు. బిల్డ్ మధ్యలో ఆగిపోతే అదృష్టమే, కాసేపు జుట్టు పీక్కుంటే కారణం దొరుకుతుంది. చేర్చింది పరీక్షల ఫైలైతేనే అసలు ప్రమాదం. ఆ పరీక్షలు జరగనే జరగవు, తెరమీద మాత్రం ‘అన్నీ పాస్’ అని కనిపిస్తుంది. తప్పు కాస్తా సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ల దాకా వెళ్లిపోతుంది.

2018లో వచ్చిన 3.12 వెర్షన్లో, బిల్డ్ చేసిన ప్రతిసారీ ఫోల్డర్ని మళ్లీ చూసే ‘కాన్ఫిగర్ డిపెండ్స్’ సదుపాయం పెట్టారు. అయితే అది అన్నిచోట్లా నమ్మకంగా పనిచేయకపోవచ్చని సీమేక్ సూచనల్లోనే ఉంది. ‘మీసన్’ అనే మరో బిల్డ్ పరికరమైతే నక్షత్రం గుర్తును అసలు ఒప్పుకోనే ఒప్పుకోదు.