బుష్‌లు మళ్లీ పోయాయా?

స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు చక్రం దగ్గర 'టక్'మని చప్పుడు. లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయంటాడు మెకానిక్. మార్పిస్తారు. ఏడాది తిరక్కుండానే మళ్లీ అదే చప్పుడు! 'మన రోడ్లంతే' అని సరిపెట్టుకుంటారు చాలామంది. కానీ తప్పు ప్రతిసారీ రోడ్డుదే కాదు, బిగింపుదీ కావచ్చు.

చాలా కార్లలో బుష్ అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు. లోపలి గొట్టాన్ని బోల్టు కదలకుండా పట్టి ఉంచుతుంది. చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడల్లా రబ్బరు కాస్త మెలి తిరిగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. కారును జాకీ మీద లేపి, చక్రం వేలాడుతుండగానే ఆ బోల్టును పూర్తిగా బిగించేస్తే? బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడిపోతుంది. కారు ఇంట్లో ఆగి ఉన్నా దానికి విశ్రాంతి ఉండదు. గుంతలో పడితే మరింత మెలి. ఇక కొత్త బుష్ అయినా ఎన్నాళ్లుంటుంది? అందుకే బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి.

తీసేసిన పాత బుష్‌ను పారేయనివ్వకండి. జబ్బేంటో అదే చెబుతుంది. రబ్బరు ఉబ్బి, మెత్తగా జిగటగా ఉంటే పైనుంచి ఆయిల్ కారుతున్నట్లే. ముందు ఆ లీకేజీ ఆపాలి. ఒక పక్క బుష్ మాత్రమే పదేపదే పోతుంటే ఆ వైపు ఆర్మ్ వంగిందేమో చూపించాలి. ఏళ్లు గడిచిన రబ్బరు మీద సన్నటి పగుళ్లు మాత్రం వయసు వల్ల వచ్చేవే.

చప్పుడు వినగానే బుష్ మీదే నింద వేయకూడదు. లింక్ రాడ్, బాల్ జాయింట్ అరిగినా ఇలాగే మోగుతాయి. బ్రేక్ వేసినప్పుడు 'టక్'మనడం, బండి ఓ పక్కకి లాగడం, టైరు ఒక అంచునే అరగడం... ఇవన్నీ కనిపిస్తే బుష్‌ను అనుమానించవచ్చు. మెకానిక్ రాడ్‌తో ఆర్మ్‌ను కదిపి చూస్తాడు. కొద్దిగా కదలడం సహజమే. రబ్బరు గొట్టం నుంచి ఊడినా, ఇనుముకి ఇనుము తగులుతున్నా మార్చాల్సిందే.

'చప్పుడే కదా' అని వదిలేస్తే టైర్లు పాడవుతాయి. హఠాత్తుగా బ్రేక్ వేయాల్సి వస్తే బండి అదుపు తప్పే ప్రమాదమూ ఉంది. బుష్‌లు మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. అంతకంటే ముందు మెకానిక్‌ను ఒక్క మాట అడగండి... 'చివరి బిగింపు బండి దించాకే కదా?'