మెసేజ్ చేరింది అంటే ఎవరికి చేరినట్టు?

ముందు ఒక చిన్న పని చేయండి, తర్వాత మిగతాది చదువుదురు గాని. మీ వాట్సాప్ తెరిచి పైన ఉన్న మూడు చుక్కలు నొక్కండి. అందులో 'లింక్డ్ డివైజెస్' అని ఉంటుంది. అది తెరిచి, కింద ఏమైనా పేర్లు కనిపిస్తున్నాయేమో చూడండి.

'విండోస్' అనో 'గూగుల్ క్రోమ్' అనో ఉందా? మన గూడేల్లో సొంత కంప్యూటర్ ఉన్నోళ్లు ఎందరు? మరి ఆ విండోస్ ఎవరిది? గుర్తు తెచ్చుకోండి. కుల ధ్రువపత్రానికో, స్కాలర్‌షిప్ ఫారానికో మండలానికి వెళ్లి ఉంటారు. నెట్ సెంటర్‌లో ఆయన 'వాట్సాప్ వెబ్ స్కాన్ చెయ్యి తమ్ముడూ, అందులోంచి ప్రింట్ తీస్తా' అని ఉంటాడు. ప్రింట్ వచ్చింది, డబ్బులు ఇచ్చారు, బస్సుకి టైమవుతోందని ఉరుకులు పరుగుల మీద వచ్చేశారు. లాగవుట్ చేయడం ఎవరికి గుర్తుంటుంది?

2015లో వాట్సాప్ వెబ్ వచ్చినప్పుడు అది ఫోన్‌కి అద్దం లాంటిది. ఫోన్‌లో నెట్ ఉంటేనే కంప్యూటర్‌లో కనిపించేది. ఫోన్ ఆపేస్తే అక్కడా ఆగిపోయేది. 2021 నుంచి ఆ పద్ధతి మారుతూ వచ్చింది. ఇప్పుడు ఒక నంబరుకి ఫోన్ కాక ఇంకో నాలుగు పరికరాలు కలపొచ్చు. ఆ నాలుగూ ఫోన్‌తో పని లేకుండా వాటంతట అవే మెసేజులు తీసుకుంటాయి. మీ ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా, మీరు కొండ మీద పోడు చేనులో ఉన్నా, ఆ షాపు కంప్యూటర్‌కి మీ మెసేజ్ వెళ్తూనే ఉంటుంది. కలిపిన రోజున అంతకుముందు కొంతకాలం నడిచిన మాటలు కూడా అందులోకి చేరతాయి. అసలు ఫోన్‌లో 14 రోజులకు పైగా వాట్సాప్ తెరవకపోతే మాత్రం మిగతావి వాటంతట అవే తెగిపోతాయి. మనం రోజుకు నలభై సార్లు తెరుస్తాం కాబట్టి అవి తెగవు.

'అన్నా, మెసేజులకి తాళం ఉంటుందట కదా, కంపెనీవాడు కూడా చదవలేడట' అని మీటింగుల్లో అడుగుతుంటారు. నిజమే, దారిలో తాళం ఉంటుంది. కానీ కలిపిన ప్రతి పరికరం దగ్గరా ఒక తాళంచెవి ఉంటుంది, దాన్ని ఇచ్చింది మనమే. షాపాయన మంచోడే కావచ్చు. ఆయన సీట్లో రేపు ఎవరు కూర్చుంటారో మనకి తెలియదు. మన గ్రూపుల్లో ఏముంటాయో ఒకసారి తలుచుకోండి. పోడు సర్వే కాగితాల ఫోటోలు, గ్రామసభ తీర్మానాలు, ఆధార్ కార్డులు, రేపు ఎక్కడ కలవాలి అనే మాటలు. ఒక్కడి లింక్ తెరిచి ఉంటే గ్రూపులో అందరివీ తెరిచి ఉన్నట్టే. గ్రూపుకి అడ్మిన్‌గా ఉన్నోళ్లు నెలకోసారైనా ఈ సంగతి అడగండి. ఆ పేరు మీద నొక్కితే లాగవుట్ అని వస్తుంది, రెండు నిమిషాల పని.

దీనికంటే పెద్ద తిరకాసు ఇంకొకటి ఉంది.

ఈ ఏర్పాటంతా ఎవరి ఇంటిని చూసి చేశారు? ఒక మనిషి, ఆయనకి ఒక ఫోన్, ఆఫీసులో ఒక కంప్యూటర్, ఇంట్లో ఒక ట్యాబ్. ఒక్కడికి నాలుగు పరికరాలు, నాలుగింటా ఒకే మాట కనపడాలి. పట్నంలో ఉద్యోగస్తుడికి అది అవసరమే, కాదనను. మన ఇల్లు దీనికి తలకిందులు. ఒక ఫోన్, ఆరుగురు మనుషులు. అయ్య పేరు మీద సిమ్, తమ్ముడి చేతిలో సెట్టు, చెల్లెలి ఆన్‌లైన్ క్లాసు, అమ్మ పొదుపు సంఘం మెసేజులు, పక్కింటి అవ్వ పింఛను సంగతి, అన్నీ అందులోనే. జాబ్ కార్డుకి, బ్యాంకు ఖాతాకి, ఆధార్‌కి, రేషన్‌కి అదే నంబరు. ఆఫీసు లెక్కలో నంబరంటే మనిషి. మన ఇంట్లో నంబరంటే ఇల్లు మొత్తం.

ఇక ఆ ఫోన్ మిర్చి కోతలకి పోయిందనుకోండి. ఖమ్మమో గుంటూరో, నెల రోజులో రెండు నెలలో. ఇక్కడ అమ్మ బ్యాంకు మిత్ర దగ్గర నిలబడి ఉంటుంది, ఓటీపీ అక్కడ మిర్చి చేలో మోగుతుంది. మధ్యాహ్నం కూలి ఆగినప్పుడు కొడుకు చూసుకునేసరికి దాని గడువు అయిపోయి ఉంటుంది. డబ్బు అమ్మది, వేలిముద్ర అమ్మది, మెసేజ్ మాత్రం ఫోన్ ఎక్కడుంటే అక్కడికి పోతుంది.

రీచార్జ్ సంగతి కూడా చూడండి. 90 రోజులు అసలే వాడకుండా, బ్యాలెన్స్ లేకుండా ఉంటే కంపెనీ ఆ సిమ్‌ని ఆపేయొచ్చు. అలా ఆగిన నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత వేరే మనిషికి ఇస్తారు. 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకి ఈ మాటే చెప్పింది. అంటే అయ్య పాత నంబరు రేపు ఇంకెవరి జేబులోనో మోగొచ్చు. జాబ్ కార్డులో, బ్యాంకులో మాత్రం ఇంకా అయ్య నంబరే. ఊళ్లో పది చదివిన పిల్లలు ఒక ఆదివారం కూర్చుని, ఏ కాగితంలో ఏ నంబరుంది, అది ఇప్పుడు ఎవరి దగ్గరుంది అని ఇంటింటికీ రాసుకుంటే ఎన్ని చిక్కులు బయటపడతాయో చూడండి.

ఇప్పుడు గ్రామసభ దగ్గరికి వద్దాం. నన్ను ఈ నాలుగు మాటలు రాయించింది అదే.

ఈ మధ్య చాలాచోట్ల ఒకటే జవాబు వినపడుతోంది. 'గ్రామసభ ఉందని మాకు చెప్పలేదు' అని ఊరోళ్లు అడిగితే, 'గ్రూపులో పెట్టాం కదా, టిక్కులు కూడా వచ్చాయి' అంటారు. టిక్కు అంటే ఏంటో మనమైనా సరిగ్గా తెలుసుకోవాలి. ఒక టిక్కు అంటే పంపినవాడి ఫోన్ నుంచి బయలుదేరింది. రెండు టిక్కులంటే అవతల ఒక ఫోన్‌కో, దానికి కలిపిన పరికరానికో అందింది. నీలం అంటే తెరిచారు. ఏ పరికరంలో తెరిచారో, ఎవరు తెరిచారో పంపినవాడికి కనపడదు. గేమ్ ఆడుకుంటున్న పన్నెండేళ్ల పిల్లాడు వేలు తగిలించినా నీలమే. హైదరాబాద్‌లో కూలికి పోయిన అన్న చూసినా నీలమే. ఊళ్లో ఉన్న వదినకి ఆ మాట చేరిందా అనేది నీలం రంగు చెప్పదు.

చట్టం నంబర్లని లెక్కపెట్టదు, మనుషుల్ని లెక్కపెడుతుంది. అటవీ హక్కుల నియమాల్లో 2012లో చేసిన సవరణ ప్రకారం గ్రామసభకి సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. గ్రామసభ సభ్యులంటే ఊళ్లో వయసొచ్చిన ప్రతి ఒక్కరూ. గ్రూపులో ఉన్న నంబర్లలో ఆడవాళ్ల చేతిలో ఉన్నవి ఎన్ని? మీ ఊరి గ్రూపు తెరిచి లెక్కపెట్టండి, నా మాట నమ్మక్కర్లేదు. ఆడవాళ్ల దగ్గర ఫోన్లే లేనిచోట వాట్సాప్‌లో నోటీసు పెట్టి మూడో వంతు ఆడవాళ్లు రావాలంటే ఎట్లా వస్తారు? రాకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. దేనికి సంతకమో తెలియకుండానే గనికో రోడ్డుకో ఒప్పుకున్నట్టు రాసేస్తారు.

కాబట్టి గ్రామసభ అంటే చాటింపు వేయాల్సిందే. డప్పు కొట్టాల్సిందే. మెసేజ్ దానికి తోడుగా ఉండాలి గాని దాని బదులు కాదు. 'ఈ కాలంలో డప్పేంటి' అని నవ్వే చదువుకున్న తమ్ముళ్లు కూడా ఉన్నారు మనలో. డప్పు మోగితే ఊళ్లో ప్రతి చెవికీ వినపడుతుంది నాన్నా, దానికి సిమ్ అక్కర్లేదు.

తోడుగా పంపేది కూడా వాట్సాప్ కంటే మామూలు ఎస్సెమ్మెస్ మేలు అంటాను. ముసలి పద్ధతే. 1992 డిసెంబర్‌లో మొదటి ఎస్సెమ్మెస్ పంపారు, మనలో చాలామంది అప్పటికి పుట్టలేదు. కానీ దానికి నెట్ అక్కర్లేదు, కీప్యాడ్ సెట్టు చాలు. సిగ్నల్ లేకపోతే మెసేజ్ కంపెనీ దగ్గర కొంతకాలం ఆగి ఉండి, మనిషి సిగ్నల్ రాయి ఎక్కగానే టింగుమంటుంది. ఏజెన్సీలో పెరిగినోళ్లకి సిగ్నల్ రాయి అంటే ఏంటో చెప్పక్కర్లేదు. టవర్ లేని 24,680 ఊళ్లకి 4జీ ఇస్తామని 2022లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. ఆ లెక్కలో మీ ఊరుందో లేదో, ఉంటే టవర్ నిలబడిందో లేదో, నిలబడితే కరెంటు పోయినప్పుడు పనిచేస్తుందో లేదో మీకే బాగా తెలుసు.

ఎస్సెమ్మెస్‌తో ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో అయితే ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగులో 70 మాత్రమే. అందులోనూ గుణింతాలు, వత్తులు, ఖాళీలు అన్నీ విడివిడిగా లెక్క. 'గ్రామసభ' అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు, ఫోన్‌కి ఏడు. అయినా సరిపోతుంది: 'రేపు ఉదయం పది గంటలకు చింతచెట్టు కింద గ్రామసభ. అందరూ రావాలి.' ఇది 59. ఒక్క మెసేజ్‌లో పడుతుంది.

మరి మన భాషలో? కోయ, కువి, కొలామి మాట్లాడేవాళ్లం తెలుగు అక్షరాల్లోనే కుక్కుతున్నాం, లేకపోతే వాయిస్ పెడుతున్నాం. అవ్వ, తాత వినాలంటే వాయిసే దిక్కు, దానికి నెట్ కావాలి. గోండి వాళ్లకి సొంత లిపి ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన చేతిరాత ప్రతుల్లోని ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. సంతోషమే. కానీ అక్షరాల బొమ్మలు లేని ఫోన్‌కి పంపితే అవతల ఖాళీ డబ్బాలు కనపడతాయి. ఒక సెట్టులో రాసిన గోండి మాట ఇంకో సెట్టులో డబ్బాల వరస అయిపోతే, దాన్ని చేరిన మెసేజ్ అందామా? దానికి కూడా రెండు టిక్కులు పడతాయి మరి. ఎస్సెమ్మెస్‌లో అయితే ఆ లిపి ఒక్కో అక్షరం రెండు చోట్లు తింటుంది, 70 కాస్తా 35 అవుతుంది. ఐటీడీఏలని, విశ్వవిద్యాలయాలని అడగాల్సిన పనుల్లో ఇదొకటి. మాతృభాష పుస్తకం వేశాం అని సంబరపడితే చాలదు, ఐదు వేల రూపాయల ఫోన్‌లో ఆ అక్షరం కనపడాలి.

చివరిగా సిమ్ ఆదేశం గురించి. 2025 నవంబర్ 28న కేంద్ర టెలికాం శాఖ మెసేజింగ్ యాప్‌లకి రెండు మాటలు చెప్పింది. ఖాతా ఏ సిమ్ మీద తెరిచారో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే యాప్ నడవాలి. కంప్యూటర్‌లో తెరిచిన వెబ్ ఆరు గంటలకి మించకుండా లాగవుట్ అవ్వాలి. సైబర్ మోసాలు ఆపడానికి అన్నారు. మోసాలు మనోళ్లకీ జరుగుతున్నాయి కాబట్టి ఆ మాటని కొట్టిపారేయను.

రెండో సగం మనకి మేలే. పైన చెప్పిన నెట్ సెంటర్ బాధ ఆరు గంటల్లో తీరిపోతుంది. మొదటి సగం మాత్రం మన మెడకే చుట్టుకుంటుంది. మనూళ్లల్లో ఎట్లా నడుస్తోంది? పాత నంబరు సిమ్ కీప్యాడ్ సెట్టులో ఉంటుంది, ఛార్జింగ్ నాలుగు రోజులు నిలుస్తుంది, అయ్య దగ్గర ఉంటుంది. అదే నంబరు వాట్సాప్ కొడుకు టచ్ ఫోన్‌లో, వేరే సిమ్ నెట్‌తో నడుస్తుంది. ఇల్లు రెండుగా చీలినా మాట తెగకుండా మనోళ్లు కనిపెట్టుకున్న దారి అది. సిమ్ అక్కడ, యాప్ ఇక్కడ అంటే కుదరదన్నప్పుడు మొదట తెగేది ఆ దారే. మోసగాడు ఇంకో పది సిమ్‌లు తెచ్చుకోగలడు. అయ్య తేలేడు.

మన సంఘాలు దీని మీద విడిగా రాసి పంపాలి. పట్నం వాళ్లు ఆఫీసు కంప్యూటర్ మాటిమాటికీ లాగవుట్ అవుతుందని గోల చేస్తారు. ఒకే ఫోన్ మీద బతికే ఇళ్ల సంగతి మనం రాయకపోతే ఆ ఫైల్‌లో ఎక్కడా ఉండదు. రాసేటప్పుడు మీ ఊరి లెక్క పెట్టండి: ఎన్ని ఇళ్లు, ఎన్ని సిమ్‌లు, ఎన్ని టచ్ ఫోన్లు, ఆడవాళ్ల చేతిలో ఎన్ని, సిమ్ ఒకచోట యాప్ ఒకచోట ఉన్నవి ఎన్ని. ఇంటి పేర్లు, నంబర్లు వద్దు, లెక్క చాలు. దాన్ని వచ్చే గ్రామసభలో చదివి, తీర్మానం పుస్తకంలో ఎక్కించి, సెక్రటరీ సంతకంతో నకలు తీసుకోండి. ఆ గ్రామసభ సంగతి ఇంటింటికీ ఎవరు వెళ్లి చెప్పారో కూడా అదే పేజీలో రాయించండి.