రాయబారి లక్ష్యాలు, పత్తి ఏరే చేతులు

అమెరికా కొత్త రాయబారి సెర్జియో గోర్ ఢిల్లీలో కొలువుదీరారు. 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ ఆయన పేరు ప్రకటించారు. అక్టోబరులో సెనేట్ ఆమోదించింది. 2026 జనవరిలో ఆయన బాధ్యతలు చేపట్టారు. 'ఢిల్లీలో రాయబారి మారితే నిడమనూరులో నాట్లేసేటోళ్లకు ఏంది?' అని కూలీ సోదరులు, అక్కచెల్లెళ్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పుకోవలసిన అవసరం ఉందని మేము భావిస్తున్నాము.

తాను ఏ పని మీద వస్తున్నదీ ఆయన దాచుకోలేదు. 2025 సెప్టెంబరులో సెనేట్ విదేశాంగ సంఘం ముందు విప్పి చెప్పారు. భారతదేశం రష్యా చమురు కొనడం మానాలి. అమెరికా ముడి చమురుకు, గ్యాసుకు ఇక్కడి మార్కెట్టు తెరుచుకోవాలి. వాణిజ్య ఒప్పందం కుదరాలి. ఇందులో ఆయనను తప్పుపట్టవలసింది లేదు. ఏ రాయబారి అయినా తన సర్కారు పనే చేస్తాడు. మన సర్కారు ఎవరి పని చేస్తున్నది అన్నదే అసలు ప్రశ్న.

పత్తి సంగతే చూడండి. 2025 ఆగస్టు 7న ప్రధాని మోడీ రైతుల ప్రయోజనాల విషయంలో రాజీపడేది లేదని ప్రకటించారు. రెండు వారాలైనా తిరగకముందే, ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తివేశారు. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు. తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. ఆ నెలలు ఎలాంటివో మన ఆడకూలీలకు ఒకరు చెప్పాలా? నల్లగొండ మెట్టల్లో పత్తి పగిలేది, ఏరేది, అమ్మకానికి పోయేది అప్పుడే. సరిగ్గా మన పంట మార్కెట్టుకు వచ్చే వేళకే బయటి పత్తికి గేటు బార్లా తెరిచారు.

అమెరికా మన సరుకులపై 50 శాతం సుంకం వేసింది, మిల్లులు మూతపడకుండా చౌక పత్తి కావాలి అని వాదించినవారున్నారు. మిల్లు కార్మికుని కష్టం మాకు తెలియనిది కాదు. కానీ ఆ భారాన్ని ఖజానా మోయాలి గానీ పత్తి చేను మోయడం ఏమి న్యాయం? పొడుగు పింజ పత్తికి ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ ఎక్కువుందని కేంద్రం దగ్గర తిప్పి పంపితే ఆ ధర కాగితం మీదనే మిగులుతుంది. రైతుకు ధర తగ్గిందా, ముందు కోతపడేది కైకిలి మీదనే. పత్తి ఏరే కిలోకు రూపాయి పెంచమంటే 'ధర లేదు, ఎక్కడ తేవాలె?' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

కథ అంతటితో ఆగలేదు. 2026 ఫిబ్రవరిలో రెండు ప్రభుత్వాలు ఉమ్మడి ప్రకటన చేశాయి. సోయా నూనె, దాణాకు వాడే ఎర్ర జొన్న, మొక్కజొన్న వంటి గింజల నుంచి ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పి, పండ్లు మొదలైన వాటిపై సుంకాలు తగ్గించడానికో ఎత్తివేయడానికో మన ప్రభుత్వం మాట ఇచ్చింది. వరి, గోధుమ, పాలు భద్రమేనని మంత్రులు అన్నారు. కాని దాణాకు విదేశీ పిప్పి చౌకగా వస్తే మన మొక్కజొన్న, సోయా ధర ఏం కావాలి? ఆ మాట ఇచ్చేముందు పార్లమెంటులో చర్చ పెట్టలేదు. రైతును అడగలేదు. కూలీ సంగతి సరేసరి.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. పి.ఎల్.480 కింద అమెరికా గోధుమలు వచ్చిన రోజులు వారికి యాదికుంటాయి. 1966లో దేశం కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. వియత్నాం యుద్ధాన్ని మన దేశం విమర్శించినందుకు అధ్యక్షుడు జాన్సన్ ఓడలను బిగపట్టి, నెలనెలా లెక్కచూసి వదిలాడు. అప్పటి రాయబారి చెస్టర్ బౌల్స్ మన దేశానికి మిత్రుడే. అది మంచిది కాదని వాషింగ్టన్‌కు మొరపెట్టుకున్నాడు. విన్నవారు లేరు. రాయబారి మంచివాడా, చెడ్డవాడా అన్నది ముఖ్యం కాదు, వెనుకనున్న రాజ్యం ఏం కోరుతున్నది అన్నదే ముఖ్యమని ఆ అనుభవం చెప్పింది.

ఆ కట్టు నుంచి దేశాన్ని బయటవేసినవారు ఎవరు? నాగార్జునసాగర్ కట్టకు రాళ్లు మోసిన కూలీలు, 1967లో కాలువకు నీళ్లు వచ్చినాక ఎడమ కాలువ కింద నిడమనూరు, మిర్యాలగూడ, కోదాడ పొలాల్లో నడుములు వంచి నాట్లేసిన కూలీలు, వారివంటి లక్షలమంది. 1974లో రాయబారి మొయినిహన్ పాత ధాన్యపు బాకీలో 1,664 కోట్ల రూపాయలు వదులుకుంటూ చెక్కు రాసిచ్చాడు. గాదెలో గింజలున్న ఇంటితో ఎవరి మాట తీరైనా వేరుగానే ఉంటుంది. ఆ గాదెను ఇవాళ ఒప్పందాల పేరుతో మళ్లీ పరాయిచేతుల పాలు చేయవద్దనే మా మాట.

అమెరికా ప్రజలతో మనకు వైరం లేదు. మన పల్లెల పిల్లలు అక్కడ చదువుతున్నారు, కొలువులు చేస్తున్నారు. స్నేహం కావాలి, అయితే అది సరిసమానంగా ఉండాలి. ఒప్పందంలోని ప్రతి అక్షరాన్నీ తెలుగులో అచ్చువేసి గ్రామసభల ముందు పెట్టాలి. పార్లమెంటు చర్చించకుండా వ్యవసాయ సుంకాలపై చేయి వేయరాదు. పత్తి ఏరే కాలంలో దిగుమతి సుంకం ఎత్తివేయరాదు. కొనుగోలు కేంద్రాలు పంట రాకముందే తెరవాలి. కనీస వేతనం అమలు జరగాలి.

అమెరికా రాయబారికి తన లక్ష్యాలు తెలుసు. మన లక్ష్యాలు మనకూ తెలియాలి. ఈ సంగతి పొలం గట్టు మీద, సద్ది తినే వేళ నలుగురూ మాట్లాడుకోండి. రైతు సంఘం, కూలి సంఘం ఒక్క గొంతుతో అడిగిననాడే ఢిల్లీకి వినపడుతుంది.