మందు చీటీ మన భాషలో

మందు ఇచ్చే ముందు నర్సు ఐదింటిని సరిచూడాలి: రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, వేళ. రోగి తన పేరు తానే చెప్పాలి; తనకు పడని మందేదో తెలపాలి. చంద్రపూర్ జిల్లాలో మరాఠీ రాని మన పెద్దలు అర్థం కాకున్నా తల ఊపితే ఆ తనిఖీ వ్యర్థమే. ఇంటికి వచ్చాక, చీటీలోని 5 మిల్లీలీటర్లను వంటింటి చెంచాతో కొలిస్తే పసిబిడ్డకు మోతాదు తప్పుతుంది.

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం, రోగికి తెలిసిన భాషలో వివరించాలంటున్నది. కనుక మోతాదునూ వేళనూ తెలుగులో రాసి ఇవ్వడం దయ కాదు, ఆసుపత్రి బాధ్యత అని న్యాయవాదిగా నా వాదన. మరాఠీపై మనకు వైరం లేదు. అర్థమయ్యేదాకా అడగండి, నిరాకరిస్తే తెలుగులోనే అర్జీ పెట్టండి. ఆ హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చినదే.