ఖాళీలెన్ని? సరే.. భర్తీ ఎప్పటికి?

పాలిటీ పుస్తకం తిరగేసిన ప్రతి ఒక్కరికీ ఈ బిట్టు తెలుసు. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలు ఆకుపచ్చ కాగితం మీద, గుర్తు లేనివి తెల్ల కాగితం మీద అచ్చవుతాయి. మొదటి వాటికి మంత్రి సభలో లేచి నోటితో చెప్పాలి, రెండో వాటికి రాసి ఇస్తే చాలు. గ్రూప్-2 కోసమో, సివిల్స్ ప్రిలిమ్స్ కోసమో అశోక్‌నగర్ గదుల్లో కూర్చుని దీన్ని బట్టీ పడతాం. ఒక మార్కు తెచ్చుకుని, హాలు బయటికి రాగానే మర్చిపోతాం. ఆ తెల్ల కాగితాల్లో ఉండేది మన ఉద్యోగాల లెక్కే అన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు.

2022 జులై 27న లోక్‌సభలో జరిగింది చూడండి. అప్పటికి మల్కాజిగిరి ఎంపీగా ఉన్న రేవంత్ రెడ్డి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల భర్తీ మీద ప్రశ్న వేశారు. సిబ్బంది వ్యవహారాల శాఖ సహాయ మంత్రి జితేంద్ర సింగ్ రాతపూర్వకంగా జవాబిచ్చారు. 2014-15 నుంచి 2021-22 దాకా ఎనిమిదేళ్లలో కేంద్ర ఉద్యోగాలకు వచ్చిన దరఖాస్తులు 22,05,99,238. నియామక సంస్థలు సిఫార్సు చేసింది 7,22,311 మందిని. అంటే వెయ్యి దరఖాస్తులకు మూడు ఉద్యోగాలు, కాస్త అటూ ఇటుగా.

మర్నాడు ఈ అంకె దేశమంతా పాకింది. కొన్ని హెడ్డింగుల్లో ‘22 కోట్ల మంది’ అని కూడా వచ్చింది. అది తప్పు. అవి దరఖాస్తులు, మనుషులు కాదు. ఒకే అమ్మాయి ఎస్సెస్సీకీ, రైల్వేకీ, పోస్టల్‌కీ పెడితే మూడు దరఖాస్తులవుతాయి. జవాబు చదివేటప్పుడు ఇలాంటి చోట ఆగాలి. డేటా ఇంటర్‌ప్రెటేషన్ ప్రాక్టీసుకు ఇంతకంటే మంచి మెటీరియల్ ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వదు.

ఆ జవాబులో మొత్తం కంటే ఏడాదివారీ పట్టికే ఆసక్తికరం. 2014-15లో ఎంపికైనవారు 1,30,423 మంది. అక్కడి నుంచి ఏటా తగ్గుతూ 2018-19కి 38,100కి పడిపోయింది. 2019-20లో ఒక్కసారిగా 1,47,096కి లేచింది. 2021-22లో మళ్లీ 38,850. విచిత్రమేంటంటే, అందరికంటే తక్కువ మంది ఎంపికైన 2018-19లోనే అన్నిటికంటే ఎక్కువ దరఖాస్తులు వచ్చాయి: 5 కోట్ల 9 లక్షలు. ఆ ఏడాది చివర్లో, అంటే 2019 ఫిబ్రవరి నెలాఖరులో రైల్వే ఎన్టీపీసీ, మార్చిలో లెవెల్-1 నోటిఫికేషన్లు వచ్చాయి. లోక్‌సభ ఎన్నికల ముందన్నమాట. దరఖాస్తులు వరదలా వచ్చాయి. మరి పరీక్షలు? ఎన్టీపీసీ మొదటి దశ పరీక్ష 2020 డిసెంబరు 28న మొదలైంది. లెవెల్-1, మనం గ్రూప్-డి అనేది, 2022 ఆగస్టులో. డిగ్రీ ఫైనలియర్‌లో ఫీజు కట్టినవాడు పరీక్ష రాసేసరికి మూడేళ్లు పెద్దవాడయ్యాడు. కొవిడ్ వచ్చిన మాట నిజమే. కానీ లాక్‌డౌన్ పడేనాటికే నోటిఫికేషన్ వచ్చి ఏడాది దాటింది.

ఈ మూడేళ్ల సంగతి ఆ జవాబులో లేదు. ఎందుకు లేదంటే, ఎవరూ అడగలేదు కాబట్టి. ఎన్ని దరఖాస్తులు, ఎంతమంది ఎంపికయ్యారు అని అడిగితే అంతవరకే చెబుతారు. అందులో మంత్రిని తప్పుపట్టడానికేమీ లేదు. ఇంటర్వ్యూలో మీరు చేసేది కూడా అదే కదా, అడిగినదానికి మించి చెప్పరు!

ఖాళీల లెక్కలోనూ ఇదే కథ. అదే వర్షాకాల సమావేశాల్లో కేంద్రం ఇంకో జవాబిచ్చింది. మంజూరైన పోస్టులు 40.35 లక్షలు, అందులో ఖాళీలు 9.79 లక్షలు. అంతకు ముందు నెలలోనే, జూన్ 14న, ఏడాదిన్నరలో పది లక్షల మందిని మిషన్ మోడ్‌లో తీసుకుంటామని ప్రధాని కార్యాలయం ప్రకటించింది. కానీ ఆ 9.79 లక్షల అంకె ఏ తేదీది? 2021 మార్చి 1 నాటిది. వ్యయ విభాగం ఏటా తయారు చేసే జీతభత్యాల నివేదిక నుంచి తీసినది. జవాబు చెప్పిన రోజుకు ఆ అంకె పదహారు నెలల పాతది. ఈలోపు ఎంతమంది రిటైరయ్యారో, ఎంతమంది చేరారో అందులో కనపడదు. ‘ఖాళీలు ఏర్పడటం, భర్తీ కావడం నిరంతర ప్రక్రియ’ అనే వాక్యం మాత్రం ఇలాంటి జవాబుల్లో తప్పకుండా కనపడుతుంది. ఆ వాక్యం ఎదురైందంటే అసలు ప్రశ్నకు జవాబు పక్కకి జారిందని అర్థం చేసుకోవాలి.

మరి రాతపూర్వక ప్రశ్నలతో ఉపయోగం ఏంటి? నోటితో చెప్పే జవాబుకు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, మంత్రిని నిలబెట్టి గుచ్చిగుచ్చి అడగొచ్చు. రాతపూర్వక జవాబుకు ఆ సౌకర్యం లేదు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలుంటే వాటిలో కొన్నే చర్చకు వస్తాయి, గంటలో టైమ్ అయిపోతుంది. గుర్తు లేనివి మాత్రం రోజుకు 230 దాకా తీసుకుంటారు. రాజ్యసభలో 160. గొడవ జరిగి సభ వాయిదా పడినా వీటి జవాబులు రికార్డులోకి వచ్చేస్తాయి. 2020 సెప్టెంబరులో కొవిడ్ పేరు చెప్పి ప్రశ్నోత్తరాల సమయాన్నే రద్దు చేసినప్పుడు మిగిలింది ఈ తెల్ల కాగితమే.

ఆ సమావేశాల మొదటిరోజే దాని బలం తెలిసింది. లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు వెళ్తూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారు, కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని లోక్‌సభలో అడిగారు. అలాంటి వివరాలు నిర్వహించడం లేదని కార్మిక శాఖ రాసిచ్చింది. కాబట్టి పరిహారం ప్రశ్న తలెత్తదని కూడా! జవాబు లేదనిపించే ఆ జవాబు మీద దేశమంతా చర్చ జరిగింది. లెక్కే పెట్టలేదని ప్రభుత్వం చేత్తో రాసిచ్చినట్టయింది మరి. ఏ సభలో ఎంత గట్టిగా అరిచినా అంత పదునైన వాక్యం దొరికేది కాదు.

తప్పించుకునే దారులు లేకపోలేదు. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అనడం వాటిలో ఒకటి. కానీ ఆ మాట అన్నారంటే అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని నమోదు చేసుకుంటుంది, మామూలుగా మూడు నెలల్లో నెరవేర్చాలి. ఆలస్యాలు బోలెడు జరుగుతాయి, గడువు పొడిగింపులు అడుగుతూనే ఉంటారు. అయినా ఫైలు మూతపడదు. ఉద్యోగాల మీద వచ్చే జవాబుల్లో ఈ వాక్యం కనిపిస్తే తేదీ రాసిపెట్టుకోండి.

ఇక మన వైపు విషయానికొద్దాం. ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది. రాజ్యసభలో 11, 7. మీ ఎంపీ ఏయే ప్రశ్నలు వేశారో, ఏ జవాబులు వచ్చాయో పార్లమెంటు వెబ్‌సైట్ ‘సంసద్’లో పేరు కొట్టి చూడొచ్చు. డబ్బులేం కట్టక్కర్లేదు. ఎంతమంది చూశారు? ఫలానా ఎంపీ గారి పుట్టినరోజు ఫ్లెక్సీ ఎక్కడ కట్టారో తెలిసినంతగా ఆయన వేసిన ప్రశ్నలు తెలియవు మనకి. ప్రశ్నలన్నీ ప్రజల కోసమే వేస్తారనుకోవడం కూడా అమాయకత్వమే. 2005 డిసెంబరులో, ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్న 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది. ఓటర్లు ఏమీ అడగని చోట వేరేవాళ్లు అడిగించుకుంటారు.

రాష్ట్ర ఉద్యోగాల గురించి దిల్లీలో అడిగించి లాభం లేదు, రాష్ట్ర పరిధి అని పంపించేస్తారు. డీఎస్సీ, గ్రూప్స్, పోలీసు రిక్రూట్‌మెంట్ ఏదైనా అసెంబ్లీలో, మండలిలో అడగాలి. తెలంగాణ గ్రూప్-1 అభ్యర్థులకు దీని విలువ చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్, అక్టోబరులో ప్రిలిమ్స్, పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దు, జూన్‌లో మళ్లీ పరీక్ష, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేయడం, చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. రెండేళ్లు అలా పోయాయి. 2022లో లోక్‌సభలో ప్రశ్న వేసిన ఎంపీయే 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. అడిగే కుర్చీ నుంచి చెప్పే కుర్చీకి మారారు. అక్కడ ఆయన కేంద్రాన్ని అడిగిన లెక్కనే ఇక్కడ ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా అడగొచ్చు, అడగాలి కూడా. అమరావతిలో అధికారంలో ఎవరున్నా అంతే.

ఉత్తరం రాసేటప్పుడు ‘నిరుద్యోగులకు న్యాయం చేయండి సార్’ అని రాస్తే ఎంపీ పీఏ దాన్ని ఏ మంత్రిత్వ శాఖకు ప్రశ్నగా మార్చాలో తెలియక పక్కన పెట్టేస్తాడు. ఏ శాఖ, ఏ నోటిఫికేషన్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది రాయాలి. నోటీసుకు కనీసం 15 రోజుల ముందస్తు గడువు ఉంటుంది. మంత్రిత్వ శాఖలకు వారంలో ఒక్కోదానికి ఒక్కో రోజు కేటాయిస్తారు. నోటీసులు ఎక్కువైతే బ్యాలెట్‌లో లాటరీ తీస్తారు, మీ ప్రశ్న రాకపోవచ్చు. అందుకే ఒకే ప్రశ్నని ఇద్దరు ముగ్గురు ఎంపీలకు, వేర్వేరు పార్టీలవాళ్లకు పంపడం మంచిది. సమావేశాలు మొదలయ్యాక పంపితే చాలావరకు ఆలస్యమైనట్టే.

ఈ పని నేర్చుకుంటే అదే ఉపాధి కూడా కావచ్చు. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌లో గ్రాడ్యుయేట్లని ఎంపీల దగ్గర సహాయకులుగా పెడతారు. ప్రశ్నలు తయారు చేయడం వాళ్ల రోజువారీ పనుల్లో ఒకటి. మన ప్రాంతపు కాలేజీల నోటీసు బోర్డుల మీద దీని పేరు కూడా కనపడాల్సింది.

అవనిగడ్డలో డీఎస్సీకో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆర్ఆర్‌బీకో చదువుతున్న నలుగురు స్నేహితులు కలిసి ఒక సాయంత్రం కూర్చుంటే రైల్వే మంత్రికి వేయించాల్సిన ప్రశ్న ఇలా తయారవుతుంది:

(ఎ) 2019 జనవరి తర్వాత రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు ఇచ్చిన ప్రతి నోటిఫికేషన్‌కు సంబంధించి ప్రకటన తేదీ, మొదటి పరీక్ష తేదీ, తుది ఫలితం తేదీ, చివరి నియామక పత్రం ఇచ్చిన తేదీ ఏవి? (బి) ఒక్కో నోటిఫికేషన్‌లో ప్రకటించిన పోస్టులెన్ని, నిజంగా చేరినవారు ఎంతమంది, మిగిలిపోయిన పోస్టులను ఏం చేశారు? (సి) ఈ ప్రక్రియ పూర్తి కావడానికి నిర్ణయించిన గరిష్ఠ గడువు ఏదైనా ఉందా? (డి) ఉంటే అది దాటిన నోటిఫికేషన్లు ఎన్ని, కారణాలేమిటి? (ఇ) లేకపోతే, ఎందుకు లేదు?

లోక్‌సభ ప్రశ్నకు అనుమతించేది 150 పదాలు. దీనికి అందులో సగం కూడా పట్టలేదు.